నమ్మి వచ్చినవారిని మరొకరికి అప్పగించవచ్చా?

ఇళ్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే వృత్తిలో పద్నాలుగేళ్లుగా ఉన్న ఒక పాఠకురాలు ఈసారి ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆరు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

ఆమె వయసు 43. సొంతంగా ఏజెంటు పని చేసుకుంటారు, సహాయకులెవరూ లేరు. ఏ ఇంటినైనా కొనేవారికి చూపించే ముందు ఒకసారి తానొక్కరే వెళ్తారు. కుళాయిలన్నీ తిప్పి చూస్తారు. పడకగది తలుపు మూసుకుని ఐదు నిమిషాలు కదలకుండా నిలబడి, బయటి చప్పుడు లోపలికి ఎంత వినిపిస్తుందో గమనిస్తారు. దస్తావేజులు తానే చదువుతారు. అనుమానం వస్తే న్యాయవాది దగ్గరకు తానే తీసుకెళ్తారు. రిజిస్ట్రేషన్ రోజున పక్కనే ఉంటారు. ఏడాదికి సుమారు 40 మంది ఆమె దగ్గరకు వస్తారు, వారిలో 20 మంది పని పూర్తవుతుంది. ప్రకటనలకు దాదాపు ఏమీ ఖర్చు పెట్టరు. వచ్చేవారిలో ఎక్కువమంది పాత పార్టీలు చెప్పగా వచ్చినవారే.

రెండేళ్లుగా నడుము నొప్పి వేధిస్తోంది. సెలవు రోజు అన్నది లేదు. "నీ ఫోను మోగని భోజనం ఒక్కటి కూడా నాకు గుర్తులేదమ్మా" అని ఈమధ్య కూతురు అన్నదట.

ఒకప్పుడు ఆమె దగ్గరే మూడేళ్లు పని నేర్చుకున్న యువకుడు ఇప్పుడు ఒక్క ఇల్లు కూడా స్వయంగా చూపించడు. ప్రకటనల ద్వారా పేర్లు, ఫోన్ నంబర్లు సేకరిస్తాడు. వాటిని వేర్వేరు చోట్ల ఉన్న ఏజెంట్లకు పంపుతాడు. బేరం తెగితే వారి కమిషన్‌లో నాలుగో వంతు తీసుకుంటాడు. ఆమెకంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉంటున్నాడు. "అక్కా, మీ దగ్గర 600 కుటుంబాల పేర్లున్నాయి. వాటిని పెట్టెలో పెట్టుకుని మీరు ఇంటింటికీ తిరుగుతున్నారు. నాతో భాగస్వామిగా రండి" అంటున్నాడు. ఇంటి రుణాలు ఇప్పించేవారి నుంచి, మరమ్మతులు చేసేవారి నుంచి కూడా వాటాలు వస్తాయని చెప్పాడు.

ఆమెను కలవరపెడుతున్న అసలు విషయం ఇంకొకటుంది. నిరుడు ఆరు వారాలు మంచం మీద ఉండగా ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. పదకొండేళ్ల కిందట ఆ దంపతులకు ఇల్లు కొనిపెట్టింది ఈమే. భర్త పోయారు, ఇల్లు అమ్మాలనుకుంటున్నానని ఆవిడ చెప్పారు. ఈమె లేవలేని స్థితిలో ఉండి, శిష్యుడు సూచించిన ఏజెంటుకు ఆ పని అప్పగించారు. ఇల్లు 19 రోజుల్లో అమ్ముడైంది. వాటా వచ్చింది, తీసుకున్నారు. కొన్నాళ్లకు పెద్దావిడ ఫోన్ చేసి అన్న మాటలివి: "ఆ అబ్బాయి తొందరగానే అమ్మాడమ్మా. కానీ మీటరు పెట్టె తలుపు లోపల మా వారు ఏ స్విచ్చి ఏ గదిదో రాసి అంటించిన కాగితం ఉండేది. ఇల్లు చూపించే ముందు రంగులు వేయించినప్పుడు తీసి పారేశారట. మీరైతే నన్ను అడిగేవారు." వాటా సంగతి ఆవిడకు తెలియదు. ఈమె చెప్పలేదు.

పాఠకురాలి ప్రశ్నలు మూడు. శిష్యుడి ప్రతిపాదనకు ఒప్పుకోవాలా? పరిచయం చేసినందుకు వాటా తీసుకోవడం తప్పా? ఒక కాగితం గురించి ఇన్నాళ్లు నిద్రపట్టకపోవడం అతిగా బాధపడటమా? చివర ఒక మాట చేర్చారు. ఒక పాత పార్టీకి దూరపు నగరానికి బదిలీ అయింది. అక్కడ ఇల్లు కొనాలి. ఆ నగరంలో ఈమెకు ఎవరూ తెలియదు. "అక్కడ నా మనిషి ఉన్నాడు, పంపండి" అని శిష్యుడు అంటున్నాడు. వచ్చే వారంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

అమ్మా,

మీ ఉత్తరంలో వృత్తి గురించి నాలుగు పేజీలున్నాయి, ఆ కాగితం గురించి ఏడెనిమిది వాక్యాలున్నాయి. నేను మళ్లీ మళ్లీ చదివింది ఆ వాక్యాలనే. మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉందని నాకు అనిపించింది. దాని దగ్గరకు వచ్చే ముందు ఒక చిక్కుముడి విప్పాలి.

మీరు, మీ శిష్యుడు ఇద్దరూ 'రెఫరల్' అనే ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు. మీ దగ్గర ఇల్లు కొన్న కుటుంబం తమ బంధువుకు మీ పేరు చెబుతుంది. అందులో డబ్బు ప్రసక్తి లేదు. మీరు చేసిన పని వారికి నచ్చింది కాబట్టి, తమవారికి కూడా అదే మేలు జరగాలని చెబుతారు. మీ వ్యాపారం పద్నాలుగేళ్లుగా నడుస్తున్నది ఈ రెఫరల్ మీదే. మీ శిష్యుడు చేసేది వేరు. తాను పని చేయని చోట, తాను చూడని ఇంటికి, తనకు తెలియని మనిషిని పంపి, దానికి ధర తీసుకోవడం. ఒకటి చేసిన సేవ నుంచి పుట్టిన పేరు, రెండోది పేర్ల అమ్మకం. "మీరూ రెఫరల్ మీదే బతుకుతున్నారు, నేనూ అంతే" అని అతను మీతో అన్నాడని రాశారు. మాట ఒకటే అయినంత మాత్రాన పని ఒకటి కాదు. ఈ తేడా తెలిస్తే అతని ప్రతిపాదనను నింపాదిగా చూడవచ్చు. అతనిది నీతిలేని వ్యాపారమని నేను అనడం లేదు. అది వేరే వ్యాపారం, దాని లెక్క వేరు. ముందు ఆ లెక్కే చూద్దాం.

ఒక ఇల్లు అమ్మితే మీకు వచ్చే కమిషన్‌ను 100 పాళ్లు అనుకోండి. ఇప్పుడు 20 పనులకు 2,000 పాళ్లు వస్తున్నాయి. తెగిన బేరానికి 60 గంటలు, తెగని బేరానికి 20 గంటలు పడుతున్నాయని మీరే రాశారు. అంటే ఏడాదికి 1,600 గంటలు. అదే 40 మందినీ ఇతరులకు పంపితే, వారు కూడా మీలాగే సగం మంది పని పూర్తి చేయగలిగితే, మీకు 20 సార్లు 25, మొత్తం 500 పాళ్లు వస్తాయి. ఫోన్లకు, పరిచయాలకు మనిషికి మూడు గంటల చొప్పున 120 గంటలు చాలు. గంటకు ఎంత అని చూస్తే ఇప్పుడు మీకు పాలూ పావు వస్తోంది, అప్పుడు నాలుగు పాళ్లు దాటుతుంది. ఇంతవరకు మీ శిష్యుడు చెప్పింది నిజమే. అతను మిమ్మల్ని మోసం చేయడం లేదు.

కానీ ఇల్లు గడిచేది గంట లెక్కతో కాదు, ఏడాది రాబడితో. ఆ రాబడి నాలుగో వంతుకు పడిపోతుంది. పాత రాబడి రావాలంటే 160 మందిని పంపాలి. మిగతా 120 మంది ఎక్కడి నుంచి వస్తారు? అందుకే అతను ప్రకటనల మీద పడ్డాడు. అతని అసలు పని పేర్లు పోగుచేయడం. ఆ ఖర్చు ఎంతో, ఎన్ని పేర్లు పంపితే ఒకటి తెగుతుందో మీకు చెప్పాడా? ఉత్తరంలో ఆ అంకెలు లేవు. భాగస్వామ్యం గురించి మాట్లాడే ముందు అడగవలసినవి అవి.

ఇంకొక సంగతి ఉంది, లెక్కలో తేలికగా కనిపించదు. ఏటా మీ దగ్గరకు 40 మంది రావడానికి కారణం, అంతకు ముందు ఏళ్లలో మీరు పక్కనుండి పని చేసిపెట్టిన కుటుంబాలు. తోడినకొద్దీ ఊరే బావి అది. మీరు చేయడం మానేస్తే మొదటి రెండేళ్లు తేడా తెలియదు, పాత పేరు మీద జనం వస్తూనే ఉంటారు. ఆ తరువాత, మీరు పంపిన ఏజెంటు దగ్గర పని చేయించుకున్న కుటుంబం తమ బంధువుకు ఎవరి పేరు చెబుతుంది? తమతో తిరిగిన ఆ ఏజెంటు పేరే చెబుతుంది, చెప్పడం న్యాయం కూడా. 600 పేర్లు చేతిలో ఉన్న సంపదలా కనిపిస్తాయి. విత్తనాల కోసం దాచిన గింజల్ని వండుకుంటే ఒక్క పూటే కదా గడిచేది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి.

పెద్దావిడ ఇల్లు 19 రోజుల్లో అమ్ముడవడంలోనే తప్పుందని నేను అనను. ధర సరిగ్గా ఉండి ఉండవచ్చు. ఆవిడకే తొందర ఉండి ఉండవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి అర్థమయ్యేది ఒక్కటే: ఆవిడకు తొందర ఉందో లేదో ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదు? ఆ ఏజెంటు చెడ్డవాడని అనుకోనవసరం లేదు. అతన్ని నిలబెట్టిన చోటు అలాంటిది.

అసలు వాటా పంచుకోకముందే ఏజెంటుకు తొందరపడే కారణం ఒకటుంటుంది. అమెరికా ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ షికాగో పరిసరాల్లో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇళ్లను అమ్ముకున్నప్పుడు, అలాంటివే అయిన ఇతరుల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువ ధర రాబట్టుకున్నారు. ఆ ఇళ్లను మార్కెట్లో సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఉంచారు. తమ ఇల్లయితే ఓపిక పట్టారు, ఇతరులదైతే వచ్చిన బేరానికి ఒప్పుకోమన్నారు. కారణం సులువు. కమిషన్ రెండు శాతం అనుకుందాం. ఇంకొన్నాళ్లు ఆగితే ధర వంద పెరుగుతుందంటే, అమ్మేవారికి అందులో 98 వస్తుంది, ఏజెంటుకు 2 వస్తుంది. ఆ రెండులో నాలుగో వంతు పరిచయం చేసినవారికి పోతే మిగిలేది ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కోసం ఇంకో రెండు వారాలు ఆగి, ఇంకో పదిమందికి ఇల్లు చూపించాలని అతనికి ఎందుకు అనిపిస్తుంది?

దీనికి తోడు ఇంకొకటి. అతను మెప్పు పొందవలసింది ఎవరి దగ్గర? ఆ పెద్దావిడ మళ్లీ ఇల్లు అమ్మేది లేదు. వచ్చే వారం ఇంకో పేరు పంపబోయేది మీ శిష్యుడు. పంపేవాడికి కావలసింది పని త్వరగా తెగడం, వాటా చేతికి రావడం. కాబట్టి అతను త్వరగా అమ్మాడు, గోడలు శుభ్రంగా కనిపించడానికి రంగులు వేయించాడు. అతని లెక్కలో పని బాగానే చేశాడు. మీటరు పెట్టె తలుపు తెరిచినప్పుడు అక్కడ చేతిరాతతో ఒక కాగితం కనబడితే, ఇది ఎవరిదని ఒక్క క్షణం ఆగడానికి ఆ ఏర్పాటులో ఎవరికీ బాధ్యత లేదు. మీకైతే ఆ ఇంటి మనిషి తెలుసు. ఆయన ఆ ఇంటిని ఎంత ఇష్టంగా చూసుకున్నారో తెలుసు. ఆవిడ "మీరైతే అడిగేవారు" అన్నది అందుకే.

ఇక్కడ మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో 'నేనే' అన్న మాట చాలాసార్లు వచ్చింది. ఇల్లు చూసేది మీరే, పత్రాలు చదివేది మీరే, న్యాయవాది దగ్గరకు, రిజిస్ట్రేషన్‌కు వెళ్లేది మీరే. అది గొప్ప శ్రద్ధ. కానీ నిరుడు మీరు పడిపోయిన ఆరు వారాల్లో మీ స్థానంలో నిలబడగల మనిషి ఒక్కరూ లేకపోవడానికి కారణం కూడా అదే. మీ పద్ధతి తెలిసినవారు, ఆ కుటుంబం గురించి మీ నోటి నుంచి విన్నవారు ఒక్కరున్నా, పెద్దావిడ పని ముక్కూమొహం తెలియనివారి చేతికి వెళ్లేది కాదు. కాగితం పోవడానికి శిష్యుడి పద్ధతి ఎంత కారణమో, ప్రతిదీ ఒంటి చేత్తో మోసే మీ పద్ధతి కూడా అంత కారణం. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. ఇది గమనించకపోతే, తప్పంతా వాటాలోనే ఉందనుకుని, అతన్ని కాదని, మళ్లీ పాత దారిలోనే నడుము విరిగేదాకా వెళ్తారేమోనని నా భయం.

వాటా తీసుకోవడం తప్పా అన్న ప్రశ్నకు చట్టం ఒక జవాబు చెబుతుంది, అది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 1974 నాటి చట్టం ఇంటి రుణాలు, రిజిస్ట్రేషన్‌కు ముడిపడిన సేవలకు మనుషుల్ని పంపినందుకు డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం నిషేధించింది. ఏజెంట్లు తమలో తాము కమిషన్ పంచుకోవడాన్ని మాత్రం అనుమతించింది. భారతదేశంలో 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ఏజెంటు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవారిని, అమ్మేవారిని పరిచయం చేసేవారిని కూడా చేర్చింది. "నేను కేవలం పరిచయం చేశాను, తరువాత జరిగినదానితో నాకు సంబంధం లేదు" అని తప్పుకునే దారిని ఆ నిర్వచనం ఇరుకు చేసింది. మీరున్న చోట నియమం ఏమిటో, మీ లైసెన్సు ఏం అనుమతిస్తుందో కనుక్కోండి. ముఖ్యంగా రుణాలు ఇప్పించేవారి వాటా జోలికి కనుక్కోకుండా వెళ్లవద్దు. ఆ రుణం మంచిదా కాదా అని మీ మాట మీద ఆధారపడేవారికి, ఆ మాట వెనుక మీకు డబ్బుందని తెలియకపోవడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపిస్తోంది.

చట్టం అనుమతించినా తేలని భాగం ఒకటుంటుంది. ఒకరి పేరు సూచించినప్పుడు మీరు ఎదుటివారికి మీ మాటను అప్పుగా ఇస్తున్నారు. ఆ మాటకు మీరు డబ్బు తీసుకుంటే, తీసుకున్నానని వారికి తెలియాలి. తెలిసినప్పుడు వారు మీ సిఫారసును ఎంత నమ్మాలో తామే తేల్చుకుంటారు. "నాకు ఇందులో నాలుగో వంతు వస్తుంది" అని ముందే చెప్పగలిగిన చోట వాటా తీసుకోవడంలో నాకు తప్పేమీ కనిపించదు. మీరు ఆ ఏజెంటును వెతికారు, విచారించారు, పని పూర్తయ్యేదాకా కనిపెట్టుకుని ఉన్నారు, దానికి ప్రతిఫలం న్యాయమే. చెప్పడానికి నోరు రాని చోట మాత్రం తీసుకోకండి. నిరుడు మీకు నోరు రాలేదు. నిద్ర పట్టనిది అందుకేనని నేననుకుంటున్నాను. కాగితం పోవడం అనుకోకుండా జరిగింది, చెప్పకపోవడం మీరు చేసిన పని. రెండూ కలిసి ఒకే బాధగా తోస్తున్నాయి.

ఇక మీ ముందున్న దారులు.

శిష్యుడితో పూర్తిగా కలవడం ఒకటి. అలా చేస్తే శరీరానికి విశ్రాంతి దొరుకుతుంది, సాయంత్రాలు మీవి అవుతాయి. అయితే మీరు చేసే పని మారిపోతుంది. ప్రకటనలు, ఫోన్లు, ఏజెంట్ల పనితీరు పట్టికలు మీ దినచర్య అవుతాయి. మీ ఉత్తరంలో ఇళ్ల గురించి రాసిన చోటల్లా ఒక ఉత్సాహం కనిపించింది. తలుపు మూసుకుని చప్పుడు వినే ఆ ఐదు నిమిషాల గురించి రాసిన తీరు చూస్తే, అది మీకు భారమని అనిపించలేదు. ఆ ఐదు నిమిషాలు లేని రోజు మీకు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కలవాలనే నిర్ణయించుకుంటే ఒక్కటి మాత్రం చేయకండి: 600 పేర్ల జాబితాను ఒక్కసారిగా అతని చేతిలో పెట్టకండి. ఆ కుటుంబాలు తమ ఫోన్ నంబరు, రాబడి, ఇంటి గొడవలు మీకు చెప్పుకున్నది మీరు వారికి ఇల్లు చూసిపెట్టడం కోసం. వారిని అడగకుండా ఆ వివరాలను ఇంకొకరికి ఇవ్వడం చాలా దేశాల్లో చట్టానికే విరుద్ధం కావచ్చు. అంతకు మించి, ఎవరో తెలియని మనిషి ఫోన్ చేసి మీ పేరు చెప్పిన రోజున ఆ 600 ఇళ్లలో మీ గురించి ఏమనుకుంటారో మీకు తెలుసు.

అతన్ని కాదని ఇప్పటిలాగే కొనసాగడం ఇంకో దారి. దీని గురించి ఎక్కువ చెప్పను. నడుము, కూతురు అన్న మాట రెండూ జవాబు చెప్పేశాయి. వచ్చే అనారోగ్యానికి మళ్లీ ఎవరో ఒక అపరిచితుడి చేతికే ఎవరో ఒకరి ఇల్లు వెళ్తుంది.

మూడో దారి, మీ సేవను మీదిగానే ఉంచుకుని దాన్ని చిన్నది చేయడం, పక్కన ఒక మనిషిని పెట్టుకోవడం. మీరు చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాసి, దేనికి మీరు తప్పనిసరో గుర్తుపెట్టండి. మొదటిసారి కూర్చుని కుటుంబం చెప్పేది వినడం, పత్రాలు చదవడం, ధర గురించి మాట్లాడటం, ఇల్లు అప్పగించే రోజున ఉండటం మీవని నా అంచనా. నకళ్లు తీయించడం, కార్యాలయాల్లో వరుసల్లో నిలబడటం, రెండోసారి మూడోసారి ఇల్లు చూపించడం ఇంకొకరు చేయగలరు. ఆ ఇంకొకరిని మీరే తయారుచేయాలి, కుళాయి తిప్పడం దగ్గర నుంచి. దీనికి ఖర్చుంది. జీతం నెలనెలా ఇవ్వాలి, బేరాలు తెగినా తెగకపోయినా. 40 మందికి బదులు 28 మందిని తీసుకుంటే 14 పనులు పూర్తవుతాయి, మొదటి ఏడాది రాబడి తప్పకుండా తగ్గుతుంది. నేర్చుకున్న మనిషి మూడేళ్లకు వెళ్లిపోవచ్చు కూడా, శిష్యుడు వెళ్లినట్టే. ఆ భయంతోనే మీరు ఐదేళ్లుగా ఎవరినీ పెట్టుకోలేదని నాకు అనిపిస్తోంది. ఒకరు వెళ్లిపోయారని నేర్పడం మానేస్తే, మీకు తెలిసిన విద్య మీ నడుముతో పాటే ఆగిపోతుంది.

దీనికి జోడించగలిగినది నాలుగోది: మీరు చేయలేని పనులను మాత్రమే ఇతరులకు పంపడం. దూరపు నగరం, మీకు అనుభవం లేని వ్యాపార స్థలాలు, తీసుకోలేక కాదన్న ఆ పన్నెండు మంది. తెలియని చోట తెలిసినట్టు తిరగడం వ్యక్తిగత సేవ అనిపించుకోదు. అక్కడ పంపడమే మేలు. ఇది నెమ్మదైన పద్ధతి, ఏడాదికి నాలుగైదు వాటాలకు మించి రాకపోవచ్చు. ప్రతి ఏజెంటును విచారించడానికి సమయం పడుతుంది. అది మీకు బరువనిపిస్తే వాటా లేకుండా పేరు మాత్రం చెప్పి ఊరుకోవచ్చు, అదీ ఒక మర్యాదే.

నన్నడిగితే మూడు, నాలుగు కలిపిన దారి మీకు సరిపోతుందనిపిస్తోంది. అయితే మీ ఇంటి అప్పులేమిటో, ఒక ఏడాది రాబడి తగ్గితే తట్టుకోగలరో లేదో నాకు తెలియదు. తట్టుకోలేని పరిస్థితి ఉంటే, కొన్నాళ్లు శిష్యుడి దగ్గర కొంత పని ఒప్పుకోవడం నేరమేమీ కాదు. అతని దగ్గరకు వెళ్లేటప్పుడు రెండు విషయాలు అడగండి. నిరుడు పంపినవారిలో ఎంతమందికి పని పూర్తయ్యాక నువ్వు ఫోన్ చేశావు? నా వాటా ఎంతో ముందే పార్టీకి రాసి ఇస్తానంటే నీకు అభ్యంతరమా? అతని జవాబులు చాలా సంగతులు తేల్చేస్తాయి. ఒకవేళ రెండోదానికి "అలాగే అక్కా" అంటే, అతన్ని గురించి మీరు అనుకున్నదానికంటే మంచిగా అనుకోవడానికి కారణం దొరుకుతుంది. మీ దగ్గర పని నేర్చుకున్నవాడే కదా.

పెద్దావిడ దగ్గరకు వెళ్లండి. ఫోన్‌లో వద్దు. వాటా వచ్చిన సంగతి, అప్పుడు చెప్పకపోవడం తప్పేనన్న సంగతి నాలుగు మాటల్లో చెప్పండి. ఆ డబ్బు ఆవిడకు ఇవ్వాలనుకుంటే ఇస్తానని చెప్పండి, బలవంతపెట్టకండి. మీ మనసు తేలికపడాలని ఆవిడ చేత ఓదార్పు మాటలు అనిపించుకోవద్దు. ఆవిడ నొచ్చుకోవచ్చు, ఇకముందు ఫోన్ చేయకపోవచ్చు. చెప్పకుండా ఉండిపోతే ఆ రెండూ జరగవు, కానీ ఆవిడ ఫోన్ చేసిన ప్రతిసారీ మీరు ఇప్పటిలాగే తప్పించుకుని మాట్లాడాలి. ఏది భరించగలరో మీకే తెలుస్తుంది.

వెళ్లే ముందు ఒక చిన్న పని చేయండి. ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు ఎవరో ఒకరు ఫోటోలు తీసి ఉంటారు. రంగులు వేసినవారు, మీటరు చూడటానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, ఏజెంటు, వీరిలో ఎవరి ఫోన్‌లోనైనా పాత మీటరు పెట్టె ఫోటో ఉందేమో కనుక్కోండి. తలుపు తెరిచి తీసిన ఫోటో ఒక్కటి దొరికినా అందులో ఆ చేతిరాత కనిపించవచ్చు. దొరకకపోతే, వెతికానని ఆవిడకు చెప్పనవసరం లేదు.

చివరగా, దూరపు నగరానికి వెళ్తున్న మీ పాత పార్టీ విషయం. వారికి ఇప్పుడు మీ కాళ్లు అక్కరకు రావు, మీ వివేకం కావాలి. శిష్యుడి మనిషిని కాదనవద్దు, అతనితో పాటు ఇంకొక ఇద్దరి పేర్లు మీరే వెతకండి. ముగ్గురితోనూ ఫోన్‌లో మాట్లాడండి. లైసెన్సు ఉందా, ఆ ప్రాంతంలో ఈ ఏడాది ఎన్ని ఇళ్లు చూపించారు, ఇటీవల పని పూర్తయిన ఒక కుటుంబంతో మాట్లాడించగలరా అని అడగండి. ఇల్లు చూపించే ముందు తానొక్కడే ఒకసారి వెళ్లి చూస్తాడా అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు ఎవరు తడబడతారో, ఎవరు వెంటనే అవునంటారో మీ చెవికి తెలుస్తుంది. పార్టీకి ముగ్గురి గురించీ ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఎవరి నుంచి మీకు వాటా వస్తుందో, ఎంతో ఒక సందేశంలో రాసి పంపండి. ఎంచుకునేది వారు. అడ్వాన్సు ఇవ్వబోయే రోజున, రిజిస్ట్రేషన్ రోజున, ఇంట్లో దిగిన నెల తరువాత, మొత్తం మూడుసార్లు మీరే ఫోన్ చేస్తానని చెప్పండి, ఆ తేదీలు మీ డైరీలో రాసుకోండి. వారికి ఏజెంటు నచ్చకపోతే మధ్యలో మార్చుకునే వీలుండాలని, అలా జరిగితే మీకు వాటా వద్దని ఏజెంటుకు ముందే చెప్పండి. ఈ మాటలకు శిష్యుడి మనిషి ఒప్పుకోకపోతే మిగతా ఇద్దరున్నారు.